కాష్గర్ బస్సులో తెలుగు

షిన్‌జియాంగ్‌లో తిరిగిన ఎనిమిది రోజులూ మేం తలుపేసుకుని మాట్లాడుకున్న గది తెలుగే. బస్సులో ముప్పైమందికి పైగా ఉన్నాం. మేం తప్ప అందరూ కౌలాలంపూర్ నుంచి బయల్దేరిన మలయ్ కుటుంబాల వాళ్ళు. వెనక సీట్లలో మేం ముగ్గురం: అక్కడే ఉద్యోగం చేస్తున్న నేను, గుంటూరులో హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరైన నాన్న, చిలకలూరిపేటలో పరుపుల కొట్టున్న నాగూర్ మామయ్య. మేం దూదేకులవాళ్ళం. ఇంట్లో ఉర్దూ లేదు, నమాజు అరబ్బీలో, పోట్లాట తెలుగులో.

మలేషియా వాళ్ళకి 2023 డిసెంబరు నుంచి చైనాకి వీసా అక్కర్లేదు. మేం మాత్రం ఫారాలు నింపుకోవాల్సి వచ్చింది. గొడవ ఆ ఫారాల దగ్గరే మొదలైంది. వాటితోబాటు వచ్చిన టూరు కరపత్రం మీద పెద్దక్షరాలతో ‘ముస్లిం ఫ్రెండ్లీ’ అని ఉంది. నాన్న ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. మలేషియాలో ‘హలాల్’ అని బోర్డు పెట్టాలంటే జాకిమ్ లాంటి అధికార సంస్థ సర్టిఫికెట్ ఉండాలి. ‘ముస్లిం ఫ్రెండ్లీ’ అనడానికి ఆ బాదరబందీ లేదు. స్నేహానికి సర్టిఫికెట్ ఎవరడుగుతారు?

బస్సులో తెలుగు మాకు తప్ప ఎవరికీ రాదు. కానీ మనుషుల పేర్లు ఏ భాషలో పలికినా అలాగే వినపడతాయి. అందుకని మొదటిరోజే ఒప్పందం చేసుకున్నాం, పేర్లు ఎత్తకూడదని. నాన్న ‘జైలు’ అనకుండా ‘చెరసాల’ అన్నాడు, ‘పార్టీ’ అనకుండా ‘పాలకపక్షం’ అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత బట్టీ పట్టించిన పరిభాషంతా అక్కడ అక్కరకొచ్చింది.

ఉరుంచీ నుంచి తుర్ఫాన్ వెళ్తుంటే, దబన్‌చెంగ్ గాలిమరలు దాటాక:

మామయ్య: పొద్దున హోటల్లో ఏం తిన్నావు బావా?

నాన్న: గంజి, గుడ్డు, నాన్ ముక్క.

మామయ్య: గంజిలో ఏం కలిపారని ఎవర్నైనా అడిగావా? అడగలా. అదీ సుఖమంటే. మా బాజీగాడు మిషన్లు కొనడానికని గ్వాంగ్‌జౌ పోయి పదిరోజులు అరటిపళ్ళు, బిస్కెట్లతో గడిపాడు. దేన్లో పందికొవ్వుందో, దేన్లో వంటసారా పోశారో తెలీదు పాపం. ఇక్కడ బోర్డు మీద ఆకుపచ్చగా ఆ రెండక్షరాలుంటే చాలు, ధైర్యంగా కూర్చోవచ్చు.

నాన్న: చింగ్‌జెన్. స్వచ్ఛం, సత్యం అని. హలాల్‌కి ఈ దేశపు ముస్లింలు ఎన్నో వందల ఏళ్ళ కిందట పెట్టుకున్న పేరు. ఎంత చక్కగా ఉందో చూడు. అయితే 2018లో ఉరుంచీలోనే పాలకపక్షం పెద్దలు ‘హలాల్ అతి’ మీద యుద్ధమని ప్రతిజ్ఞ చేశారు. తిండి దాటి టూత్‌పేస్టు దాకా పోతోందని వాళ్ళ ఫిర్యాదు. నీకైతే మర్యాద, ఇక్కడివాళ్ళకైతే అతి.

మామయ్య: టూత్‌పేస్టుకి హలాలేంటి, నాకూ అతిగానే ఉంది.

నాన్న: అతి అని నువ్వనుకో, నేననుకుంటా. అనుకున్నందుకు ఎవర్నీ పట్టుకుపోం కదా.

ఇక గడియారం సంగతి. చైనా అంతటికీ ఒకటే టైము, బీజింగ్‌ది. కాష్గర్ మాత్రం 76 డిగ్రీల రేఖాంశం దగ్గరుంది, అంటే బెంగళూరు కంటే కూడా కాస్త పడమర. సూర్యుడి లెక్కన మనతోబాటే నడిచే ఊరు. గడియారం మాత్రం మనకంటే రెండున్నర గంటలు ముందు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి గోడమీద మూడవుతుంది. ఇక్కడివాళ్ళు చాలామంది లోపల్లోపల ‘షిన్‌జియాంగ్ టైము’ అని రెండు గంటలు వెనక్కి లెక్కేసుకుంటారు. మా కార్యక్రమం కాగితంలో జుహర్, అసర్ కలిపి ఒకటే గడి. మలయ్‌లది షాఫయీ మజహబ్, ప్రయాణంలో రెండు నమాజులూ కలుపుకోవచ్చు. మాది హనఫీ. నాలుగు రకాతులు రెండుకి కుదించుకుంటాం గానీ కలపడం లేదు. ఇక్కడి ఉయిగర్ ముస్లింలదీ హనఫీయే. మామయ్యకి ఇది మహా గర్వం.

మామయ్య: ఇంత దూరం వచ్చి మన మజహబ్ వాళ్ళ మధ్యలో ఉన్నాం బావా. బస్సులో వాళ్ళే వేరు, ఊళ్ళో వాళ్ళు మనవాళ్ళు.

నాన్న: ఆ మనవాళ్ళలో గడియారం రెండు గంటలు వెనక్కి పెట్టుకున్నందుకు కూడా అనుమానం నెత్తినేసుకున్న వాళ్ళున్నారు. ఇక్కడ టైమెంతైందని అడగడం కూడా ఎటు పక్షమని అడగడమే.

మామయ్య: జుహర్‌కి సూర్యుడు కావాలి, గడియారం కాదు.

నాన్న: సూర్యుణ్ణి మొదట కనిపెట్టింది నువ్వే అన్నట్టు చెప్పకు.

మా పోట్లాటలు ఇలా ముందు సరదాగానే ఉండేవి. తుర్ఫాన్‌లో బిగుసుకున్నాయి.

తుర్ఫాన్ లోయ సముద్రమట్టానికి కింద ఉంటుంది. అందులో అయ్‌దింగ్ సరస్సైతే 154 మీటర్లు కింద. వాన దాదాపు పడదు. అయినా ద్రాక్షతోటలు పచ్చగా ఉంటాయి. కొండల మంచునీటిని భూమి కిందనుంచే సొరంగాల్లో తీసుకొచ్చే కారెజ్‌లు ఉన్నాయి, వెయ్యికి పైగా, అన్నీ కలిపితే సుమారు 5,000 కిలోమీటర్లు. బహమనీలు బీదర్‌లో తవ్వించిన కారెజ్ ఇదే జాతని నాన్న ఒక మలయ్ పెద్దాయనకి ఇంగ్లీషులో అరగంట చెప్పాడు. మామయ్య ఈలోగా చిల్లుల గోడల ఇటుక గదుల్లో నీడన ఎండే కిష్మిష్ రెండు కిలోలు కొన్నాడు. జ్వాలాపర్వతాల దగ్గర చైనా పురాణకథలోని కోతిరాజు దండం రూపంలో నిలబెట్టిన పెద్ద థర్మామీటరు పక్కన ఫొటో కూడా దిగాడు.

నాన్న అసలు వచ్చింది గావోచాంగ్ కోసం. మట్టిగోడల శిథిలనగరం అది. క్రీ.శ. 630 ప్రాంతంలో హుయాన్ త్సాంగ్ ఇండియాకి వస్తూ అక్కడ ఆగాడు. రాజు చు వెన్‌తాయి ఆయన్ని వదల్లేక, ఉండిపొమ్మని పట్టుబట్టాడు. సన్యాసి తిండీ నీళ్ళూ మానేశాడు. చివరికి రాజే దిగొచ్చి, దారిఖర్చులూ సిఫారసు ఉత్తరాలూ ఇచ్చి పంపించాడు. ఆ మనిషే తర్వాత మన ధాన్యకటకం దాకా వచ్చాడు. తిరుగుదారిలో మూడేళ్ళుంటానని రాజుకి మాటిచ్చాడు గానీ, 640లో తాంగ్ సైన్యం ఆ రాజ్యాన్ని మింగేసింది. నాన్న టోపీ తీసి ఆ గోడల మధ్య చాలాసేపు నిలబడ్డాడు. “అమరావతిలో ఆయన నడిచిన నేల గురించి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పానమ్మాయ్. ఇది ఆ పాఠానికి మొదటి పేజీ” అన్నాడు నాతో. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. తర్వాత బెజెక్లిక్ గుహల్లో, జర్మన్ లెకాక్ రంపంతో కోసుకుపోయిన గోడచిత్రాల ఖాళీలు చూసి మండిపడ్డాడు. అలా బెర్లిన్ చేరిన పెద్ద చిత్రాలు రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకి పోయాయి.

మామయ్య: బావా, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ఈ టూరు నాటకమని రోజూ నా చెవి కొరుకుతున్నావు. మరి నువ్వెందుకొచ్చావు?

నాన్న: చూడ్డానికి.

మామయ్య: ఎవర్ని? పధ్నాలుగు వందల ఏళ్ళ కింద పోయినాయన్ని. నేనేమో పొద్దున్నుంచి బతికున్నోళ్ళకి సలాములు కొడుతున్నా. నువ్వు సచ్చిపోయిన భిక్షువుల కోసం ఏడుస్తున్నావు. ఇద్దరం ఒకే కంపెనీకి ఒకే డబ్బు కట్టాం. నీది మాత్రం తీర్థయాత్ర, నాది తమాషానా?

నాన్న వెంటనే మాట్లాడలేదు. నేనూ వాటర్ బాటిల్ మూత తీస్తూ కూర్చున్నా. మామయ్య మాట్లాడేది పరుపుల బేరంలాగే ఉంటుంది, కానీ దెబ్బ ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది.

నాన్న: సరే, ఆ తప్పు నాదీ. అయినా ఒక్క తేడా ఉంది. హుయాన్ త్సాంగ్‌ని చూడనిస్తున్నారని ఆయనకి స్వేచ్ఛ ఉందని నేనెవరికీ చెప్పను. నువ్వు ఊరెళ్ళి మసీదు ముందు ఇదిగో ఫొటోలు, నమాజు చేసుకున్నాం, పలావు తిన్నాం, అక్కడంతా బానే ఉంది అని చెప్తావు. వాళ్ళకి కావలసింది ఆ ఒక్క మాటే. దానికోసమే నీకు గంజి హలాల్ చేసి పెట్టేది.

మామయ్య: నేనట్టా చెప్తానని నీకెవరు చెప్పారు?

నాన్న: చెప్పవా?

మామయ్య: బాబ్రీ మసీదు కూలినాక తాజ్‌మహల్ చూడ్డానికి రావద్దని ఏ దేశంవాళ్ళైనా అన్నారా? అందరూ వచ్చారు, చూశారు. అప్పుడు మనమేమనుకున్నాం, రానీ, మనల్నీ చూసిపోతారు అనుకున్నాం కదా.

నాన్న: వచ్చినవాళ్ళు ఆగ్రాలో రిక్షావాణ్ణి ఆపి ఏమయిందయ్యా అని అడగ్గలిగారు. వాడు చెప్పాడు, తిట్టాడు, ఏడ్చాడు. నువ్విక్కడ ఎవర్నడుగుతావు? గైడుని అడుగు, చూద్దాం.

మామయ్య గైడుని అడగలేదు. గైడు ఇరవై రెండేళ్ళ హుయి ముస్లిం కుర్రాడు, నవ్వు మొహం, మంచివాడు. వాణ్ణి ఇరుకున పెట్టడం ఎందుకనుకున్నాడేమో. అలా అనుకోవలసి రావడంలోనే జవాబుందని నాకనిపించింది.

ఇక్కడ, ఇంటికొచ్చి రాస్తున్నాను కాబట్టి, బస్సులో ఎత్తని పేర్లు చెప్తాను. నాన్న ‘ఆ ఎకనామిక్స్ మాస్టారు’ అన్నది ఇల్హామ్ తోహ్తిని. బీజింగ్‌లో పాఠం చెప్పిన ఉయిగర్ ఆర్థికవేత్త, 2014 సెప్టెంబరులో యావజ్జీవ శిక్ష పడింది. 2019లో యూరోపియన్ పార్లమెంటు సఖరోవ్ బహుమతి ఇస్తే ఆయన కూతురు అందుకుంది. ‘జానపదం మేడమ్’ అంటే ప్రొఫెసర్ రాహిలె దావుత్. ఎడారి అంచుల్లో ఉన్న మజార్ల గురించి, అంటే దర్గాల గురించి, ఊరూరా తిరిగి రాసిన మనిషి. జెండాలూ గుడ్డపీలికలూ కట్టిన కర్రలు, మొక్కులు, అక్కడ పాడే పాటలు, అన్నీ. 2017 డిసెంబరులో బీజింగ్ వెళ్తున్నానని చెప్పి మాయమైంది. ఆవిడకీ యావజ్జీవమేనని 2023లో బయటపడింది. ఆవిడ రాసిన మజార్లలో కొన్ని ఇప్పుడు లేవు. ఖోతాన్ దగ్గర ఎడారిలో ఏటా వేలమంది చేరే ఇమామ్ ఆసిమ్ దర్గా చుట్టుపక్కల కట్టడాలు నేలమట్టమైనట్టు ఉపగ్రహ చిత్రాల్లో కనపడింది.

మామయ్య ఏటా నెల్లూరు బారా షహీద్ దర్గాకి రొట్టెల పండక్కి వెళ్తాడు. వాళ్ళమ్మ మొక్కుకున్న రొట్టె ఆయనే వదుల్తాడు. నాన్న ఆ సంగతి కావాలనే వాడుకున్నాడు.

నాన్న: నీ రొట్టె ఎవరు పట్టుకున్నారు, ఎవరు వదిలారు, ఏం మొక్కుకున్నారు, అవన్నీ ఓపిగ్గా రాసుకునే మనిషి మనకుంటే నెత్తిన పెట్టుకునేవాళ్ళం. ఆవిడ చేసింది అంతే. చెరసాలలో ఉంది.

మామయ్య చాలాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత, మెల్లగా:

మామయ్య: మనమెవరం బావా? 57 ముస్లిం దేశాల పెద్దలే 2019లో, ముస్లిం పౌరుల్ని బాగా చూసుకుంటున్నారని వీళ్ళని మెచ్చుకుంటూ తీర్మానం చేశారని నువ్వే చెప్పావు. నేను పేటలో పరుపులు కుట్టుకునేవాణ్ణి.

నాన్న: అదే నా బాధ. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న, ఇక్కడ ఉయిగర్లని పట్టుకెళ్ళి శిబిరాల్లో నిర్బంధించడం మానవాళి పట్ల నేరం కావచ్చని రాసింది. పరాయివాళ్ళు రాశారు. మనవాళ్ళు మెచ్చుకున్నారు.

చైనా ప్రభుత్వం వాళ్ళు ఏమంటారో అదీ చెప్పాలి: ఆ శిబిరాలు శిక్షణ కేంద్రాలు, ఉగ్రవాదం నుంచి మళ్ళించడానికి పెట్టినవి, 2019 చివరికల్లా అందరూ చదువు పూర్తిచేసుకుని వెళ్ళిపోయారు, ఇప్పుడు షిన్‌జియాంగ్ అంటే టూరిజమే. 2024లో 30 కోట్లకు పైగా సందర్శనలని వాళ్ళ లెక్క. ఆ లెక్క అబద్ధమని నేననను. కాష్గర్ పాతబస్తీలో నడవడానికి సందు లేదు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన అమ్మాయిలు అద్దె ఉయిగర్ గౌన్లలో, నెత్తిన పూసల టోపీలతో, మెట్టు మెట్టుకీ ఫొటో దిగుతున్నారు. పాత ఇళ్ళు చాలావరకు 2009 నుంచి పడగొట్టి, భూకంపాలకి తట్టుకునేలా కట్టామన్నారు. చూడ్డానికి చక్కగానే ఉంది. ఈద్‌గాహ్ మసీదు, 1442 నాటిది, పసుపుపచ్చ పలకల ముఖద్వారం. టికెట్ తీసుకుని లోపలికెళ్ళాం. తోటలో చెట్లు, తివాచీలు పరిచిన హాలు, మాలాంటి వాళ్ళు.

నా కంటికి ఆనింది ఇంకొకటి. మా బస్సులో ఆడవాళ్ళందరికీ తుదుంగ్ ఉంది, నాకు చున్నీ. అందరం తల కప్పుకుని బజారంతా తిరిగాం, ఎవరూ ఏమీ అనలేదు. కొందరు మాతో సెల్ఫీ కూడా అడిగారు. ఆ వీధిలో తలకి గుడ్డ కట్టుకున్న ఊరి ఆడపిల్ల ఒక్కతీ కనపడలేదు. 2017 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల్లో ముసుగూ, ‘అసాధారణమైన’ గడ్డమూ తీవ్రవాద లక్షణాలు. మామయ్య గడ్డం జానెడు.

రొట్టెల అంగడి దగ్గర ఆగాం. తందూరుని వాళ్ళు తోనుర్ అంటారు, పలావు పోలో, సమోసా సమ్సా. సగం మెనూ మనకి తెలిసిందే. కుర్రాడు పిండిని అంచు లావుగా, మధ్య పల్చగా చేత్తో సాగదీసి, కోడి ఈకల కాడలు కట్టగట్టిన ముద్రతో టకటకా పొడుస్తున్నాడు, మధ్యలో పూలచక్రం తేలుతోంది. ఉల్లి చల్లి, గుండ్రటి మెత్త మీద వేసి, భుజం దాకా చెయ్యి పొయ్యిలోకి దించి గోడకి చరుస్తున్నాడు. పక్క మాంసం కొట్లో కత్తి గొలుసుతో బల్లకి కట్టేసి ఉంది. రొట్టెల కొట్టు ముందు స్టూలు మీద ఒక ముసలాయన, నలుపలకల దొప్పా టోపీ. మామయ్య ఎదురుగా నిలబడి, నోరారా “అస్సలాము అలైకుమ్” అన్నాడు.

ముసలాయన సగం లేచాడు. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని తల వంచాడు. పెదవులు కదల్లేదు. ఒకసారి తల పైకెత్తి చూసి, కూర్చున్నాడు.

బస్సెక్కాక:

మామయ్య: చూశావా? గుండెమీద చెయ్యేసుకున్నాడు. ఇంతకంటే ఏం కావాలి? వాళ్ళ అదబ్ అది.

నాన్న: నోరెందుకు తెరవలేదు? వఅలైకుమ్ సలాం అనడం వాజిబ్, నువ్వే చెప్తావుగా. పైకెందుకు చూశాడు? స్తంభం మీద కెమెరా ఉంది.

మామయ్య: రొట్టె చూసుకున్నాడయ్యా.

నాన్న: రొట్టె పైనుంటుందా?

మామయ్య: బావా, నువ్వన్నదే నిజమనుకో. భయపడే మౌనంగా ఉన్నాడనుకో. అయినా ఆ పూట ఒక సలాం విన్నాడు. నేను రాకపోతే అదీ లేదు. ఆ కుర్రాడు నాలుగు రొట్టెలమ్మాడు. నువ్వు గుంటూర్లో కూర్చుని బహిష్కరిస్తే పెద్దోళ్ళకి దోమ కుట్టినట్టుండదు. ఆ కుర్రాడి పొయ్యి మాత్రం చల్లారుద్ది.

నాన్న: నీ సలాంతో ఆయన్ని ఇరుకున పెట్టావేమో ఆలోచించు. నువ్వు విమానమెక్కుతావు. ఆయన ఆ స్టూలు మీదే ఉంటాడు.

నాకు మొత్తమ్మీద నాన్న మాటే సబబు. కానీ పొయ్యి చల్లారడం గురించి మామయ్య అన్నదానికి నాన్న ఇచ్చింది జవాబు కాదు, ఇంకో ప్రశ్న. నా దగ్గరా లేదు. ఆ చేతి సైగ ఉయిగర్ పెద్దల మామూలు మర్యాదే. భయపడినవాడు సలాంకి మారుపలకాలన్నా దాన్నే వాడుకుంటాడు. ఎనిమిది రోజుల టూరిస్టులం, తేడా ఎట్లా కనిపెడతాం?

ఆఖరిరోజు బజార్లో బొంతల కొట్టు కనపడింది. మామయ్య కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. చైనా పత్తిలో దాదాపు 90 శాతం పండేది ఇక్కడే. ఆయన బొంత మూల కుట్టు లోంచి చిటికెడు దూది లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా సాగదీసి, సగం తెగనిచ్చి, మిగతా పోగుల్ని చొక్కా చెయ్యి మీద పరిచాడు. మళ్ళీ లాగాడు, మళ్ళీ పరిచాడు. తాతగారు ధనుస్సుతో దూది ఏకిన రోజుల నుంచీ ఆ ఇంట్లో పత్తిని చూసే పద్ధతదే.

మామయ్య: పింజ చూడవే అమ్మాయ్, ముప్పై అయిదు మిల్లీమీటర్లకి తగ్గదు. మనకి ముప్పై దాటితే పండగ. పట్టు లాగుంది.

నాన్న: ఆ పత్తి అమెరికా గడప తొక్కాలంటే నిర్బంధ శ్రమతో తియ్యలేదని రుజువు చూపించాలి, 2022 జూన్ నుంచి. ఎవరు ఏరారో తెలుసా?

మామయ్య: ఇప్పుడు మిషన్లే ఏరుతున్నాయంట. గైడు చెప్పాడు.

నాన్న: ఏరడం మిషను. మిల్లులో?

మామయ్య ఆ పోగుల్ని మళ్ళీ ఉండ చుట్టి కుట్టులోకి తోశాడు. కొట్టావిడ కాలిక్యులేటర్ మీద ధర కొట్టి చూపించింది. ఆయన మంచి బొంతని చూసి ఒట్టి చేతుల్తో రావడం నేనెప్పుడూ చూడలేదు. “సామాను బరువైపోద్ది” అన్నాడు బయటికొచ్చి. కిష్మిష్ రెండు కిలోలు మాత్రం బరువు కాలేదు.

హోటల్‌కొచ్చేసరికి గోడ మీద మూడు దాటింది, అంటే జుహర్ వేళ. మలయ్ వాళ్ళు కింద హాల్లో జమాతుగా నిలబడుతున్నారు, అసర్‌తో కలిపి. మామయ్య రానని, గదిలోనే చదువుకుంటానన్నాడు. నాన్న ఈదులకి తప్ప చాప మీద నిలబడడు. ఆరోజు ఎందుకో వజూ చేసుకొచ్చి, “ఎటువైపురా నాగూర్?” అన్నాడు. ఫోన్‌లో దిక్సూచి నేనే పట్టుకున్నా. గుంటూరులో కిబ్లా పడమరకి కాస్త ఉత్తరంగా ఉంటుంది, ఇక్కడ పడమరకి దక్షిణంగా, 250 డిగ్రీల దగ్గర. అద్దం బల్ల పక్కకి జరిపి, ఇద్దరికీ తువ్వాళ్ళు పరిచా.

మామయ్య టోపీ పెట్టుకుని, తువ్వాలు మీదికి రాబోతూ ఆగి, వెనక్కి వెళ్ళి కిటికీ తెర లాగాడు. సందు మిగలకుండా రెండు వైపులా లాగాడు. నాన్న ఆయన వైపు చూశాడు.

“ఎండ, బావా” అన్నాడు మామయ్య.

దిక్సూచి ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ కిటికీ ఉత్తరం వైపు.